తేడా సున్నా

“బుధవారం మీరు ఈ గదికి తాళం వేసింది ఎన్నింటికి మాస్టారూ?”

“పదకొండుకి. రెండు మూడు నిమిషాలు అటూ ఇటూ.”

“అటా, ఇటా?”

మాస్టారు కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు. ముప్పై ఒక్క ఏళ్లుగా ఈ మ్యూజియంలో పాత బొమ్మలకు మరమ్మతు చేస్తున్న మనిషాయన. ఇంకో ఆరు వారాల్లో రిటైరవ్వాలి. నిన్న గురువారం పొద్దుటి నుంచి ఆయన మీద దొంగతనం నింద ఉంది.

“దాటాకే అమ్మా. పదకొండూ మూడు. మా ఆవిడకి కంటి ఆపరేషన్ పన్నెండింటికి. బస్సు పదకొండుంపావుకి.”

డిటెక్టివ్ నోట్‌బుక్కులో 11.03 అని రాసుకుంది. యాభైకి దగ్గర పడుతున్న ఆమె ఈ వృత్తిలోకి రాకముందు పదిహేడేళ్లు ప్రింటింగ్ ప్రెస్సులో పని చేసింది. ప్రూఫులో ఉన్న బొమ్మకీ, అచ్చయి వచ్చిన బొమ్మకీ తేడాలు పట్టుకోవడమే అక్కడ ఆమె ఉద్యోగం. నిమిషాలు కూడా ఆమెకు ఆ బొమ్మల లాంటివే. ఉజ్జాయింపు చెబితే ఒప్పుకోదు.

“సాయంత్రం మళ్లీ వచ్చారు.”

“వచ్చాను. ఆపరేషన్ బాగా జరిగింది. వాళ్ల చెల్లెల్ని పక్కన కూర్చోబెట్టి వచ్చాను. పొద్దున హడావిడిలో బ్రష్షులు కడక్కుండా వెళ్లిపోయాను. రంగు ఎండితే మళ్లీ పనికిరావు. గేటు రిజిస్టర్లో ఉంటుంది చూడండి, ఆరూ అయిదుకి లోపలికి, ఆరూ నలభై అయిదుకి బయటికి.”

“ఆ నలభై నిమిషాల్లో బొమ్మ వైపు చూశారా?”

“లేదమ్మా. సింకు ఈ మూలన ఉంది, బొమ్మకి వీపు తిప్పి నిలబడ్డాను. కడుక్కున్నాను, వెళ్లిపోయాను.”

ఆ బొమ్మను మ్యూజియంలో అందరూ ‘కుట్టుపని’ అంటారు. కిటికీ పక్కన కూర్చుని సూదిలో దారం ఎక్కిస్తున్న ఒకావిడ. నూట ఇరవై ఏళ్ల నాటి బొమ్మ. సోమవారం శుభ్రం చేయడానికి ఈ గదిలోకి తెచ్చారు. గురువారం పొద్దున తొమ్మిదీ నలభై అయిదుకి మాస్టారు తడి దూదితో ఒక మూల తుడిస్తే దూదికి రంగు అంటుకుంది. నూరేళ్లు ఎండిన రంగు తడి దూదికి ఊడి రాదు. ఇది అసలు బొమ్మ కాదు, నకలు అని మొదట చెప్పింది ఆయనే. చెప్పిన గంటలో అనుమానం ఆయన మీదికే తిరిగింది.

“బుధవారం పొద్దున మీరు చేసిన పని ఏంటి?”

“కింద ఎడమ మూల, గోరంత మేర మురికి తీసి చూశాను. మందు సరిపోతుందా లేదా అని. బానే వచ్చింది. లోపల నీలం ఎంత బావుందనుకున్నారు.” ఆ మాట చెప్పేటప్పుడు మాత్రం ఆయన ముఖంలో నింద సంగతి మాయమైంది.

“ఈ గదికి తాళంచెవులు ఎన్ని?”

“రెండు. ఒకటి నాది. ఇంకోటి డైరెక్టర్ మేడమ్ దగ్గర.”

డిటెక్టివ్ లేచి గది చూడటం మొదలుపెట్టింది. పదిహేను అడుగుల గది. కిటికీలకు నల్ల తెరలు, పగలూ రాత్రీ ఒకే దీపాల వెలుగు. మధ్యలో బొమ్మను నిలబెట్టే చెక్క స్టాండు. దాని కాళ్లు కదలకుండా నేలకు మరలతో బిగించి ఉన్నాయి. ఎదురు గోడకు ఇనప పట్టీ, దాని మీద కెమెరా. రోజుకు మూడుసార్లు దానంతటదే ఫోటో తీస్తుంది. తొమ్మిదిన్నరకి, ఒంటిగంటకి, అయిదున్నరకి. తీసిన ఫోటో నేరుగా రికార్డుల కంప్యూటర్లోకి వెళ్తుంది. మరమ్మతు ఎలా సాగిందో తర్వాత చూసుకోవడానికి అది ఏర్పాటు. ఆ కంప్యూటర్ పాస్‌వర్డు ఇద్దరికే తెలుసు. రికార్డుల గుమాస్తాకీ, డైరెక్టర్‌కీ. గుమాస్తా చెల్లెలి పెళ్లికని సోమవారం నుంచే సెలవులో ఉంది.

కెమెరా పట్టీ మీద సన్నటి దుమ్ము పొర చెదరలేదు. కెమెరాను ఎవరూ ముట్టుకోలేదు. డిటెక్టివ్ ఆ సంగతి రాసుకుని పని బల్ల దగ్గరికి వచ్చింది. బ్రష్షులు, దూది, సీసాలు, మేకుల డబ్బా.

“మాస్టారూ, ఈ మేకులు దేనికి?”

“కాన్వాసు గుడ్డని చెక్క చట్రానికి లాగి బిగించడానికి. మంగళవారమే కొత్త డబ్బా విప్పాను, ఇంకా...” ఆయన డబ్బాలోకి చూసి ఆగిపోయారు. వేలితో మేకుల్ని అటూ ఇటూ జరిపారు. “ఇందులో నేను ఒక్కటి కూడా వాడలేదే. పావు వంతు తగ్గాయి.”

“ఎన్ని ఉంటాయి?”

“ఒక నలభై, యాభై.”

“‘కుట్టుపని’ అంత బొమ్మను బిగించాలంటే ఎన్ని కావాలి?”

“సుమారు అన్నే,” అన్నారు మాస్టారు నెమ్మదిగా.

ఆమె ఆ లెక్క రాసుకుంది. దొంగ నకలును చట్రంతో సహా తయారుగా తెచ్చి మార్చి ఉంటే, ఈ గదిలో మేకులతో పనేముంది?

తలుపు దగ్గర దగ్గు వినిపించింది. వెనక్కి తిరగకుండానే ఆ దగ్గు ఎవరిదో ఆమెకు తెలుసు.

“రండి బావా.”

బీమా కంపెనీ తరఫున వచ్చిన పరిశోధకుడు లోపలికి వచ్చాడు. ఇస్త్రీ మడత చెదరని చొక్కా, చంకలో ఫైలు, చేతిలో ఒక స్టీలు క్యారియర్. ఇద్దరూ ఒకే కేసులో ఎదురుపడటం ఇది నాలుగోసారి. లెక్క ఇప్పటికి ఆయన వైపు రెండు, ఈమె వైపు ఒకటి. ఇంట్లో మాత్రం ఆయన ఈమె అక్క భర్త.

“మీ అక్క పంపింది,” అని క్యారియర్ బల్ల మీద పెట్టాడు. “తిని ఇంటికి వెళ్లు మరదలా. ఇక్కడ వెతకడానికి ఏం మిగల్లేదు. మూడింటికి పోలీసులు వస్తున్నారు.”

“అంత తొందరేంటి?”

“తొందర కాదు, లెక్క.” ఆయన ఫైలు తెరిచి మాస్టారు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించకుండానే చదివాడు. “బుధవారం అయిదున్నర ఫోటోలో అసలు బొమ్మ ఉంది. గురువారం తొమ్మిదిన్నర ఫోటోలో నకలు ఉంది. మధ్యలో ఈ గదిలోకి వచ్చింది ఒక్కరే. ఆరూ అయిదు నుంచి నలభై నిమిషాలు. డైరెక్టర్ గారు అయిదూ నలభైకే గేటు దాటారు. రిజిస్టర్ నేనే చూశాను.”

“దొంగిలించినాయనే నకలని పట్టించారా?”

“ఎప్పటికైనా బయటపడేదే. ముందు తనే చెబితే అనుమానం రాదనుకున్నాడు. పెద్దమనిషి తెలివి.”

మాస్టారు తల దించుకుని దూది ఉండలు చుడుతూ కూర్చున్నారు. ఆ ఉండలు ఇప్పుడు ఎవరికీ అక్కర్లేదు. డిటెక్టివ్ ఆ చేతుల మీంచి చూపు తిప్పి బావ వైపు చూసింది.

“బుధవారం పొద్దున ఆయన గోరంత మేర శుభ్రం చేశారట. మీ అయిదున్నర ఫోటోలో అది కనిపించిందా?”

“లేదు. భూతద్దం పెట్టి చూశాను. అబద్ధం చెప్పాడనడానికి అది ఇంకో రుజువు.”

“లేదా ఫోటో అబద్ధం చెబుతోందనడానికి.”

ఆమె సంచిలోంచి లాప్‌టాప్ తీసింది. సోమవారం పొద్దుటి నుంచి గురువారం తొమ్మిదిన్నర దాకా తీసిన పది ఫోటోలూ ఉన్న పెన్‌డ్రైవ్‌ను పొద్దున డైరెక్టర్ స్వయంగా ఇచ్చింది. ఈమెను పిలిపించింది కూడా ఆవిడే. అడిగింది చిన్న పని. ‘ఫోటోల్లో ఎవరూ ఏ మార్పూ చేయలేదని బయటి మనిషి ఎవరైనా చూసి సంతకం పెట్టాలి. మధ్యాహ్నం రెండింటిలోపు. అంతే.’ కాఫీ ఇచ్చి, నవ్వుతూ చెప్పింది.

“నేనేం గుడ్డిగా నమ్మలేదు,” అన్నాడు బావ. “మా కంప్యూటర్ విభాగం చేత పది ఫైళ్లకీ చెక్‌సమ్ తీయించాను. ఫైలుకి వేలిముద్ర లాంటిది. పదీ వేర్వేరుగా వచ్చాయి. అంటే ఒక ఫోటోని కాపీ చేసి ఇంకోదాని చోట పెట్టడం జరగలేదు.”

“ఫైలుకి వేలిముద్ర తీయించారు. ఫోటోకి తీయించారా?”

“రెండూ ఒకటే కదా.”

“కాదు బావా. ఫైలంటే కవరూ, లోపలి ఉత్తరమూ కలిపి. కవరు మీద ఒక్క అంకె మార్చినా మొత్తం వేలిముద్ర మారిపోతుంది. ఉత్తరం అదే ఉన్నా సరే. కూర్చోండి.”

ఆయన కూర్చోలేదు. కానీ ఆమె వెనక్కి వచ్చి నిలబడ్డాడు.

లాప్‌టాప్ తెర మీద బొమ్మలూ బటన్లూ ఏమీ లేని నల్లటి విండో ఒకటి తెరుచుకుంది. ప్రెస్సులో ఉన్నప్పుడు ఆమెకు అలవాటైన చోటు అది. అడగాల్సింది అక్షరాల్లో అడగాలి, జవాబు అక్షరాల్లో వస్తుంది. ఆమె ‘కంపేర్’ అన్న ఆదేశం రాసి, పక్కన సోమవారం అయిదున్నర ఫోటో పేరూ, మంగళవారం అయిదున్నర ఫోటో పేరూ ఇచ్చింది. రెంటిలో వేరుగా ఉన్న చుక్కలు, అంటే పిక్సెళ్లు, ఎన్నో లెక్కపెట్టమంది.

కాసేపటికి ఒక అంకె వచ్చింది. రెండు కోట్ల పదకొండు లక్షల పైచిలుకు.

“ఇదేంటి?” అన్నాడు బావ. “సోమ, మంగళవారాల్లో దాన్ని ఎవరూ ముట్టుకోలేదుగా?”

“లేదమ్మా,” అన్నారు మాస్టారు తల ఎత్తకుండానే. “ఆ రెండు రోజులూ ఊరికే పరీక్షగా చూశాను.”

“ముట్టుకోకపోయినా ఇంతే వస్తుంది. ఫోటో మొత్తం రెండు కోట్ల నలభై లక్షల చుక్కలు. కెమెరా ఒకే గోడని రెండుసార్లు తీసినా ప్రతి చుక్కలోనూ వెలుగు ఇసుమంత అటూ ఇటూ అవుతుంది. కంటికి తెలియదు, లెక్కకి తెలుస్తుంది. ఇప్పుడు ఆ చిన్న చిన్నవి వదిలేయమని చెబుతాను. గట్టి తేడా ఉంటేనే చూపించమంటాను.”

ఆదేశానికి ఇంకో మాట కలిపి మళ్లీ కొట్టింది. ఈసారి సున్నా వచ్చింది. తర్వాత మంగళవారం అయిదున్నర ఫోటోను, బుధవారం ఒంటిగంట ఫోటోతో పోల్చింది. మూడు వేల ఆరు వందల చిల్లర. తేడా ఎక్కడుందో గుర్తు పెట్టి ఇంకో బొమ్మ తయారుచేయమంటే, పాలిపోయిన ‘కుట్టుపని’ బొమ్మ మీద కింద ఎడమ మూల ఒక ఎర్రటి మచ్చ వచ్చింది. గోరంత.

మాస్టారు లేచి వచ్చారు. ఆ మచ్చను వంగి చూశారు. కళ్లజోడు మళ్లీ తుడుచుకున్నారు.

“సరే, తుడిచాడు,” అన్నాడు బావ. “అబద్ధం చెప్పలేదు. అయితే ఏమైంది?”

“ఇప్పుడు బుధవారం ఒంటిగంటకీ, అదే రోజు అయిదున్నరకీ.”

మళ్లీ అదే మూల, అదే మచ్చ. అన్నే చుక్కలు, ఓ పది అటూ ఇటూ.

“ఒంటిగంటకి శుభ్రంగా ఉన్న చోటు అయిదున్నరకి మళ్లీ మురికైంది,” అంది డిటెక్టివ్. “నూట ఇరవై ఏళ్ల మురికి నాలుగున్నర గంటల్లో వెనక్కి వచ్చి కూర్చుంది. ఎలా బావా?”

ఆయన ఈసారి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

“ఇక చివరిది. మంగళవారం అయిదున్నర, బుధవారం అయిదున్నర. చిన్నవి కూడా వదలొద్దంటున్నాను. ఒక్క చుక్క కూడా.”

తెర మీద ఒకే ఒక్క అంకె వచ్చింది.

0

తేడాలు వెతకడమే బతుకుతెరువుగా ఉన్నన్నాళ్లూ సున్నా వస్తే ఆ రోజుకి పని అయిపోయినట్టు. ఈ రోజు పని సున్నాతో మొదలైంది. ఆమెకు లోపల ఎంతో హాయిగా ఉంది.

“ఎవరూ ముట్టుకోని బొమ్మకే రెండు కోట్ల తేడాలు వచ్చాయి,” అంది. “మధ్యలో మాస్టారు చెయ్యి పెట్టిన బొమ్మకి ఒక్కటీ రాలేదు. వీటిని కెమెరా రెండుసార్లు తీయలేదు బావా. ఇవి రెండూ ఒక్క ఫోటోనే. మంగళవారం ఫోటోకి బుధవారం పేరు పెట్టారు.”

“అయితే చెక్‌సమ్ ఎందుకు తేడా వచ్చింది?”

“అదీ చూద్దాం.” ఆమె ఇంకో ఆదేశం కొట్టింది. ఇది బొమ్మల్ని చూడదు. రెండు ఫైళ్లను అక్షరం పక్కన అక్షరం పెట్టి, ఎక్కడెక్కడ వేరుగా ఉన్నాయో చెబుతుంది. “మామూలుగా రెండు ఫోటోలకి ఇది లక్షల వరసలు కక్కుతుంది. చూడండి.”

మూడే వరసలు వచ్చాయి. మూడూ ఫైలు మొదట్లోనే. మూడు చోట్లా ‘1’ ఉండాల్సిన చోట ‘2’ ఉంది.

“మంగళవారం పదకొండో తేదీ, బుధవారం పన్నెండు. కెమెరా ప్రతి ఫోటోలోనూ తేదీని మూడుసార్లు రాసిపెడుతుంది. ఆ పదకొండులో రెండో ఒకటిని రెండు చేశారు. మూడు చోట్లా. పని శుభ్రంగా చేశారు, సెకన్లు కూడా మార్చలేదు.”

బావ ముందుకు వంగి ఆ మూడు వరసల్నీ మూడుసార్లు చదివాడు. ఆయన ఓడిపోవడం ఇష్టంలేని మనిషే గానీ, కళ్ల ముందున్నది కాదనే మనిషి కాదు. ఫైలు తెరిచి ఏదో కొట్టేశాడు.

“అంటే అయిదున్నరకి ఇక్కడ అప్పటికే నకలు ఉంది,” అన్నాడు. “ఒంటిగంటకీ అయిదున్నరకీ మధ్య మారింది. అప్పుడు ఈయన...”

“ఆసుపత్రిలో ఉన్నాను,” అన్నారు మాస్టారు. “మూడింటికి డాక్టరు గారి కాయితం మీద సంతకం పెట్టాను.”

“తాళంచెవి రెండోది ఎవరి దగ్గరుంది? రికార్డుల పాస్‌వర్డు ఎవరికి తెలుసు?” అంది డిటెక్టివ్. మాస్టారు తలుపు వైపు, డైరెక్టర్ గది ఉన్న దిక్కు చూశారు.

బావ మాత్రం అంత తేలిగ్గా వదలలేదు. “డైరెక్టర్ గారైతే నిన్నెందుకు పిలుస్తుంది? తన మెడకి తనే ఉచ్చు తెచ్చుకుంటుందా?”

“నన్ను దొంగని పట్టుకోమనలేదు. ఫోటోలు సరిగ్గానే ఉన్నాయని సంతకం పెట్టమంది. మీరు ఆ సంతకం లేకుండా నకలుని బయటికి వదలనన్నారా?”

“అన్నాను. నకలు మా సీలు వేసిన పెట్టెలో ఉంది. రంగుల పరీక్షకి బయటి ల్యాబుకి పంపుదాం అని ఆవిడే అడిగింది. ఫోటోల సంగతి తేలేదాకా కుదరదన్నాను. తేలగానే తీసుకెళ్లడానికి రెండింటికి వ్యాను వస్తుంది.” చెప్పి, తన మాటలు తనే విన్నట్టు ఆగాడు. “అయినా ఆ పనికిమాలిన నకలుతో ఆవిడకేం పని?”

డిటెక్టివ్ గడియారం చూసింది. ఒంటిగంటా ముప్పై అయిదు. మేకుల డబ్బాను దగ్గరికి జరుపుకుంది.

“బావా, ఆ నకలు వెనక వైపు చూశారా?”

“చూశాను. గుడ్డ పాతదే, చట్రం పాతదే. ఎవడో గట్టి మోసగాడు. పాత సరుకు సంపాదించి చేశాడనుకున్నాను.”

ఆమె చివరిసారి కంపేర్ కొట్టింది. బుధవారం ఒంటిగంట ఫోటో, గురువారం తొమ్మిదిన్నర ఫోటో. అసలు, నకలు. బొమ్మ లోపలంతా ఎర్రటి గీతలు పరుచుకున్నాయి. అది అనుకున్నదే. నకలులో పగుళ్లు అసలువాటి చోట రాలేదు. ఆమె చూస్తున్నది దాన్ని కాదు. బొమ్మ అంచు చుట్టూ, నాలుగు వైపులా, వెంట్రుకంత మందాన ఇంకో ఎర్ర గీత ఉంది. స్టాండు కదలలేదు. కెమెరా కదలలేదు. చట్రం అదే. కానీ అంచు ఒక పొర లావెక్కింది.

“మాస్టారూ, పాత కాన్వాసు మీద పల్చటి కాగితం పరిచి, దాని మీంచి ఇంకో గుడ్డ లాగి, అదే చట్రానికి మేకులు కొడితే లోపలి రంగు పాడవుతుందా?”

మాస్టారుకి అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. తర్వాత ఆయన మేకుల డబ్బా వైపు చూశారు.

“జాగ్రత్తగా చేస్తే కాదు,” అన్నారు. “కాదమ్మా. ఏమీ కాదు.”

“అసలు బొమ్మ ఎక్కడికీ పోలేదు బావా. మీ సీలు కిందే, నకలు వెనకే ఉంది. ఇంకో అరగంటలో మీ చేతుల మీదుగానే వ్యాను ఎక్కబోతోంది.”

డైరెక్టర్ ఒంటిగంటా యాభైకి వచ్చింది. చేతిలో టైపు చేసిన కాగితం, పెన్ను. వెనకాల ఇద్దరు సిబ్బంది పెట్టె మోసుకొచ్చారు. మాస్టారును చూసి జాలిగా తల ఆడించింది.

“అయిపోయిందా డిటెక్టివ్ గారూ? ఇక్కడ ఒక సంతకం పెట్టేస్తే మీ పని పూర్తయినట్టే.”

డిటెక్టివ్ కాగితం చదివింది. ‘పై పది ఫోటోలలో ఎటువంటి మార్పులూ జరగలేదని ధ్రువీకరిస్తున్నాను.’ పెన్ను తీసుకుని ‘పది’ కొట్టేసి ‘తొమ్మిది’ అని రాసింది. సంతకం పెట్టి తిరిగి ఇచ్చింది.

డైరెక్టర్ నవ్వు పోలేదు గానీ, ఉన్న చోటే నిలిచిపోయింది. “పదోది?”

“పదోది మంగళవారం నాటిది. మీరు తేదీ మార్చారు.”

“ఎవరో మార్చి ఉండొచ్చు. నేనే అని ఎలా అంటారు?”

“అనను. ఒక పని చేద్దాం. బావా, సీలు తీయండి. మేడమ్‌కి అభ్యంతరం లేకపోతే నకలు ముందు పొరని మాస్టారు ఇక్కడే విప్పుతారు. పనికిమాలిన నకలే కదా.”

“ల్యాబు వాళ్లు చూడకుండా ముట్టుకోవడానికి వీల్లేదు,” అంది డైరెక్టర్. అప్పటిదాకా లేని వేగం ఆ గొంతులోకి వచ్చింది. “సాక్ష్యం పాడవుతుంది. నేను ఒప్పుకోను.”

“సీలు మా కంపెనీది మేడమ్,” అన్నాడు బావ. జేబులోంచి చిన్న కత్తి తీశాడు. “వేసింది నేను. తీసేదీ నేనే.”

మాస్టారు చేతులు కడుక్కుని, తుడుచుకుని వచ్చారు. చట్రాన్ని బల్ల మీద బోర్లించి, అంచుకు అంటించిన పట్టీ కాగితం లేపారు. దాని కింద మేకులు వరసగా, కొత్తగా మెరుస్తున్నాయి. ఒక్కొక్కటే తీస్తుంటే బావ లెక్కపెట్టాడు. నలభై నాలుగు మేకులు. చట్రాన్ని మళ్లీ వెల్లకిలా తిప్పి, గుడ్డను ఒక వైపు నుంచి నెమ్మదిగా ఒలిచారు. పల్చటి తెల్ల కాగితం కనిపించింది. దాన్నీ ఎత్తారు.

కిటికీ పక్కన ఆవిడ సూదిలో దారం ఎక్కిస్తూ అలాగే ఉంది. కింద ఎడమ మూలన గోరంత నీలం.

మాస్టారు ఆ మూలను ముట్టుకోలేదు. దాని పైన గాల్లో వేలు ఆపి, ఊపిరి వదిలారు. “ఏమీ కాలేదు,” అన్నారు, అందరికీ కాదు, తనకే చెప్పుకున్నట్టు.

డైరెక్టర్ కుర్చీలో కూర్చుంది. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టింది.

“గురువారం పొద్దున ఫ్రేము బిగించడానికని బయటికి పంపాల్సింది. గేటు దగ్గర వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ ఫోటో తీసి పోల్చి చూస్తారు, రెండుసార్లూ నకలే కనిపించాలి,” అంది. “మాస్టారు ఆసుపత్రి నుంచి అప్పుడే రారనుకున్నాను. వచ్చారు. వచ్చీ రాగానే దూది తీశారు.”

“ముప్పై ఒక్క ఏళ్ల అలవాటు మేడమ్,” అన్నారు మాస్టారు. ఆ మాటలో కోపం లేదు.

పోలీసులు చెప్పినట్టే మూడింటికి వచ్చారు. వాళ్లు తెచ్చిన కాగితంలో ఉన్న పేరు వేరు, వెంట తీసుకెళ్లిన మనిషి వేరు. బావే వాళ్లకు మూడు వరసల సంగతి వివరించాడు. కవరూ ఉత్తరమూ ఉదాహరణ తనదే అయినట్టు చెప్పాడు. డిటెక్టివ్ నవ్వుకుని ఊరుకుంది.

గది మళ్లీ ముగ్గురిదే అయ్యాక క్యారియర్ తెరిచారు. నాలుగు గిన్నెలు. అక్క ఒక్క మనిషికి ఎప్పుడూ వండలేదు. మాస్టారు ముందు మొహమాటపడ్డారు గానీ, బుధవారం నుంచి సరిగ్గా తినలేదని మాటల్లో బయటపడింది. ఫోనులో భార్యతో, “అయిపోయిందే, వచ్చేస్తున్నా, కట్టు విప్పేదాకా కళ్లు తడి చేసుకోకు” అని చెప్పి, తన కళ్లు మోచేత్తో ఒత్తుకున్నారు.

“రెండు రెండు,” అన్నాడు బావ, రెండోసారి వడ్డించుకుంటూ. “సమానం అయ్యాం.”

“మీరు సీలు తీయకపోతే కుదిరేది కాదు. సగం మీదే.”

“ఆ సగం సంగతి మీ అక్కకి నువ్వే చెప్పు.” కాస్త ఆగి లాప్‌టాప్ వైపు చూశాడు. “మరదలా, ఒకటడుగుతా. ఈ సున్నా ఆట పది ఫోటోలకే ఆడావు. రికార్డుల కంప్యూటర్లో ఈ గది ఫోటోలు ఎన్నేళ్లవి ఉన్నాయి?”

“నాలుగేళ్లవి. నాలుగు వేల పైన.”

“అన్నిటికీ ఆడొచ్చా? ఊరికే. రిపోర్టులో రాసుకోవడానికి. ఇదొక్కటే అని తేలిపోతుంది.”

ఆడొచ్చు. ప్రతి ఫోటోనీ ప్రతి ఫోటోతో పోల్చక్కర్లేదు. ‘ఐడెంటిఫై’ అనే ఆదేశం కవరును వదిలేసి, లోపలి చుక్కలకు మాత్రమే వేలిముద్ర తీస్తుంది. ఆ ముద్రల్ని వరసలో పేర్చి, ఒకే ముద్ర రెండుసార్లు వచ్చిన చోటు మాత్రం చూపించమంటే సరి. రికార్డుల కంప్యూటర్ తెరవడానికి గుమాస్తా ఫోనులోనే అనుమతి ఇచ్చింది, వెనక నుంచి పెళ్లి సందడి వినిపిస్తుండగా. డిటెక్టివ్ ఆదేశం రాసి, మీట నొక్కి, గిన్నెలు కడగడానికి వెళ్లింది.

ఆమె తిరిగొచ్చేసరికి నలభై నిమిషాలు దాటింది. బావ, మాస్టారు తెర ముందు నిలబడి ఉన్నారు. ఇద్దరూ కదలడం లేదు.

ఒక జత వస్తుందనుకున్నారు. పదకొండో తేదీ, పన్నెండో తేదీ, అంతే. అది చివరన ఉంది. దాని పైన ఇంకో నాలుగు జతలు ఉన్నాయి. ఒకటి మొన్న వేసవిది. ఒకటి రెండేళ్ల కిందటిది. అన్నీ అయిదున్నరవే. తేదీలే ఒక్కో రోజు తేడా.

“ఈ నాలుగు బొమ్మలూ నేనే శుభ్రం చేశాను,” అన్నారు మాస్టారు. ఆయన వేలు ఒక్కో ఫైలు పేరు మీదా ఆగింది. “పని అయిపోయాక ఫ్రేముకని బయటికి వెళ్లొచ్చాయి. మళ్లీ నా దగ్గరికి రాలేదు.”

“వచ్చాక ఎక్కడ పెట్టారు?” అంది డిటెక్టివ్.

“కింద పెద్ద హాల్లో. వరసగా.”

బావ తలుపు తీశాడు. కింద హాల్లో ఎవరో టీచరు పిల్లల్ని నిలబెట్టి, ఈ బొమ్మ ముందు కాసేపు మాట్లాడకుండా నిలబడండి, ఇలాంటిది ప్రపంచంలో ఇంకోటి లేదు అని చెబుతున్న గొంతు మెట్ల మీదుగా పైదాకా వినిపిస్తోంది.